అలవాటు పడటం రోగనిరోధకత కాదు: విశాఖపట్నంలోని ఒక జంతుశాస్త్ర తరగతి నుంచి కేస్ స్టడీ

నేను విశాఖపట్నంలోని ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తున్నాను. మానవ వ్యాధులు, రోగనిరోధక వ్యవస్థ, మత్తు పదార్థాల దుర్వినియోగం అనే మూడు పాఠాలను వరుసగా చెప్పిన తరువాత ఒక విద్యార్థి రాసిన రెండు వాక్యాల జవాబు నా బోధనలోని ఒక లోపాన్ని బయటపెట్టింది. ఆ లోపం మార్కులతో పోయేది కాదనీ, ఒక ఇంట్లో ప్రాణం మీదికి తెచ్చేదనీ తరువాత తెలిసింది. ఇవే పాఠాలు చెప్పే తోటి అధ్యాపకులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, ఆ విద్యార్థి, అతని తల్లి, అన్నయ్య ముగ్గురి అనుమతితో దీన్ని రాస్తున్నాను. వారిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ తీసేశాను.

మా తరగతిలో గాజువాక వైపు కార్మిక కుటుంబాల పిల్లలు, సముద్రపు ఒడ్డున ఉండే మత్స్యకారుల పిల్లలు, పాడేరు, అరకు ప్రాంతాల నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి చదువుకునే గిరిజన విద్యార్థులు ఉన్నారు. వ్యాధుల పాఠం వీరికి కొత్త కాదు. మలేరియాను పుస్తకంలో చదవక ముందే ఒంటి మీద ఎరిగినవారు వీరిలో ఉన్నారు. గంజాయి మాట కూడా వీరికి కొత్తది కాదు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో సాగు గురించి, పట్టుబడిన వాహనాల గురించి వారు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నారు.

జవాబు పత్రం

యూనిట్ పరీక్షలో నేనిచ్చిన ప్రశ్న ఇది: నల్లమందు నుంచి తయారయ్యే మత్తు పదార్థాలను పదే పదే తీసుకునే వ్యక్తికి మునుపటి మోతాదు చాలకపోవడానికి కారణం ఏమిటి? మెదడులోని గ్రాహకాలు (కణాల మీద ఆ పదార్థం అతుక్కునే చోట్లు) దానికి స్పందించే తీరు తగ్గుతుందనీ, అందువల్ల అదే ప్రభావం కోసం ఎక్కువ మోతాదు అవసరమవుతుందనీ, దీన్ని టాలరెన్స్ అంటారనీ రాయాలి. తరగతిలో సగానికి పైగా విద్యార్థులు ఏదో ఒక రూపంలో "రోగనిరోధకత ఏర్పడుతుంది" అని రాశారు. వారిలో ఒకరి జవాబు ఇలా ఉంది: "శరీరంలో స్మృతి కణాలు ఏర్పడతాయి. కాబట్టి ఆ వ్యక్తి కొన్ని నెలలు మానేసి తిరిగి అంతే మోతాదు తీసుకున్నా ప్రమాదం ఉండదు."

మొదటి వాక్యం తప్పు. రెండో వాక్యం మాత్రం మొదటి దాని నుంచి తర్కబద్ధంగానే వచ్చింది. ఒకసారి ఎదురైన వ్యాధికారకాన్ని గుర్తుంచుకునే స్మృతి కణాలు ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయని, రెండోసారి అదే ప్రతిజనకం (శరీరం పరాయిదిగా గుర్తించే పదార్థం) ఎదురైతే ప్రతిస్పందన వేగంగా, బలంగా ఉంటుందని నేనే చెప్పాను. ఆ సూత్రాన్ని ఈ విద్యార్థి శ్రద్ధగా పట్టుకుని, వర్తించని చోట వర్తింపజేశాడు. ప్రశ్నలో అడగని "కొన్ని నెలలు మానేసి" అన్న మాట అతనికి ఎక్కడి నుంచి వచ్చిందన్నది నన్ను కలవరపెట్టింది. ఊరికే ఊహించి రాసే మాట కాదది.

ఈ పొరపాటు ఎంత ప్రమాదకరమైనదో ఇక్కడ వివరించాలి. మార్ఫిన్, హెరాయిన్ వంటి పదార్థాలు కేంద్ర నాడీ వ్యవస్థలోనూ జీర్ణనాళంలోనూ ఉండే ఓపియాయిడ్ గ్రాహకాలకు అతుక్కుంటాయి. శ్వాసను నడిపించే కేంద్రాలున్న మెదడు కాండంలో కూడా ఈ గ్రాహకాలు ఉన్నాయి కాబట్టే మోతాదు మించినప్పుడు మనిషి ముందు మగతలోకి జారుకుంటాడు, తరువాత శ్వాస మందగించి ఆగిపోతుంది. రోజూ తీసుకునేవారిలో గ్రాహకాల స్పందన తగ్గి, కొత్తవారిని చంపగలిగే మోతాదును కూడా తట్టుకునే స్థితి వస్తుంది. కొన్ని వారాలు మానేస్తే ఆ స్థితి పోతుంది, గ్రాహకాలు మళ్ళీ మొదటిలాగే స్పందిస్తాయి. అప్పుడు పాత మోతాదు తీసుకోవడమంటే ఎన్నడూ ముట్టని మనిషికి ఆ మోతాదు ఎక్కించడమే. చికిత్సా కేంద్రం నుంచో జైలు నుంచో బయటికి వచ్చిన తొలి వారాల్లోనే మోతాదు మించి చనిపోయే ప్రమాదం అత్యధికంగా ఉంటుందన్నది వైద్యులు స్థిరంగా చెప్పే విషయం. మా విద్యార్థి రాసినది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

లోపం ఎక్కడ పుట్టింది

నా పాఠ్య ప్రణాళిక పుస్తకాన్ని వెనక్కి తిప్పి చూశాను. టీకాల గురించి చెప్పిన రోజు నేను రాసుకున్న వాక్యం అందులో ఉంది: "టీకా వల్ల శరీరం ఆ వ్యాధికారకానికి ముందే అలవాటు పడుతుంది." పిల్లలకు సులువుగా అర్థమవుతుందని వాడిన మాట అది. నెల తిరగకుండానే మత్తు పదార్థాల పాఠంలో "శరీరం ఆ పదార్థానికి అలవాటు పడుతుంది" అని చెప్పాను. ఒకే క్రియను రెండు చోట్లా వాడిన తరువాత రెండూ ఒకటేనని పిల్లలు అనుకోవడంలో వారి తప్పేమీ లేదు.

నా తప్పును ఆ ఒక్క మాట మీదికి నెట్టేయడం కూడా సరికాదు. తెలుగులో "అలవాటు" మోసే బరువు చాలా ఎక్కువ. రోజూ పొద్దున్నే లేవడం అలవాటే, చుట్ట అలవాటే, చలికి తట్టుకోవడం అలవాటే. "అలవాటైన ప్రాణం, ఏమీ కాదు" అనే మాట మన ఇళ్లలో వినని రోజుండదు. "మందు" సంగతీ ఇంతే: ఆసుపత్రిలో ఇచ్చేది మందే, దుకాణంలో సీసాలో అమ్మేదీ మందే, పొలంలో కొట్టేదీ మందే. వీటికి తోడు 2020లో కరోనా వచ్చినప్పటి నుంచి "ఇమ్యూనిటీ" అన్నది ఇంటింటి మాటైపోయింది. కషాయం తాగితే పెరిగేది, వానలో తడిసినా జలుబు చేయనిది, ఎంత తిన్నా అరిగించేది అన్నీ ఆ ఒక్క మాటలో చేరిపోయాయి. పాఠ్యపుస్తకం టాలరెన్స్‌కు వాడే "సహనం" కూడా నాకు తృప్తినివ్వలేదు, ఎందుకంటే తెలుగులో సహనం ఒక సుగుణం. మీదుమిక్కిలి రోగనిరోధక శాస్త్రంలోనే టాలరెన్స్‌కు ఇంకో అర్థం ఉంది: శరీరం తన సొంత కణాలను శత్రువులుగా చూడకుండా ఊరుకోవడం. అందుకని ఈ పాఠం వరకు "మోతాదు తట్టుకోవడం" అనే వాడుక మాటనే ఎంచుకున్నాను.

మూడు పీరియడ్లు

జవాబును తప్పుగా కొట్టివేసి సరైనది నల్లబల్ల మీద రాస్తే రెండు నిమిషాల్లో అయిపోయేది. అయితే పిల్లలు వల్లించేది మారుతుందే గాని లోపల నమ్మేది మారదు. కాబట్టి మొదటి పీరియడ్‌లో నేను ఏమీ చెప్పకుండా, తమ ఇళ్లలో, వీధుల్లో "అలవాటు పడి తట్టుకోవడం" ఎక్కడ చూశారో చెప్పమన్నాను.

మొదట మాట్లాడిన అమ్మాయి వాళ్ల నాయనమ్మ గురించి చెప్పింది. "మా మామ్మ అడ్డపొగ తాగుతాది మేడమ్. నిప్పున్న కొస నోట్లోనే ఉంటాది. అయినా కాలదు, అలవాటైపోనాది." ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను వెలిగించిన వైపు నోట్లో ఉంచుకుని పీల్చే అలవాటును అడ్డపొగ అంటాం. ఈ ప్రాంతపు వైద్యులు దశాబ్దాలుగా దీన్ని పరిశీలిస్తూ వచ్చారు. ఆ నాయనమ్మ నోరు కాలకపోవడానికి రోగనిరోధకతతో సంబంధం లేదు. నిత్యం తగిలే వేడికి, పొగకు అంగిలి పైపొర తెల్లబడి, మందంగా గట్టిపడుతుంది, లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్రటి చుక్కలుగా కనిపిస్తాయి. అడ్డపొగ తాగేవారిలో మామూలుగా అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తుంది. తట్టుకుంటున్నట్టు కనిపించే ఆ పొరే దెబ్బ తిన్న పొర. ఈ ఉదాహరణ నా ప్రణాళికలో లేదు. కానీ ఆ రోజు తరగతిని మలుపు తిప్పినది ఇదే. "మీ మామ్మను పళ్ల డాక్టరుకు చూపించండి" అని ఆ అమ్మాయికి చెప్పాను. తరువాతి వారమే చూపించారు.

రెండో ఉదాహరణ విషకన్య కథ. చిన్నప్పటి నుంచి కొంచెం కొంచెంగా విషం తిని పెరిగితే విషం ఎక్కదని విన్నామని ఒక అబ్బాయి అన్నాడు. దీన్ని కట్టుకథ అని తోసిపుచ్చడం సులువే గాని అలా అనడం సగం మాత్రమే నిజమవుతుంది. పాముకాటుకు వాడే ప్రతివిషాన్ని తయారు చేసే పద్ధతి దాదాపు ఇదే: గుర్రానికి పాము విషాన్ని స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ ఎక్కిస్తారు, గుర్రం రక్తంలో విషాన్ని అడ్డుకునే ప్రోటీన్లైన ప్రతిరక్షకాలు తయారైన తరువాత వాటిని శుద్ధి చేసి వాడతారు. డిఫ్తీరియా, ధనుర్వాతం విషాల మీద 1890లో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు చూపిన దారి ఇది. మరి గుర్రానికి పనిచేసినది మార్ఫిన్ తీసుకునే మనిషికి ఎందుకు పనిచేయదు? పాము విషంలో ప్రధానంగా ఉండేవి ప్రోటీన్లు. వాటి పెద్ద అణువులను లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు పరాయివిగా గుర్తించగలవు. మార్ఫిన్, నికోటిన్, గంజాయిలోని మత్తు పదార్థం చాలా చిన్న అణువులు, అవి తమంతట తాముగా ప్రతిరక్షకాలను పుట్టించలేవు. నికోటిన్, కొకెయిన్ అణువులను పెద్ద ప్రోటీన్‌కు తగిలించి టీకాలు తయారు చేసే ప్రయత్నాలు మనుషులపై పరీక్షల దాకా వచ్చాయి గాని వాడుకలోకి రాలేదని చెప్పినప్పుడు, వెనుక వరుసలో ఎప్పుడూ నోరు విప్పని ఇద్దరు పీరియడ్ అయ్యాక కూడా నిలబడి ప్రశ్నలు అడిగారు.

రెండో పీరియడ్‌లో బల్ల మీద రెండు రేఖాచిత్రాలు పక్కపక్కన గీశాం. మొదటిది రోగనిరోధక వ్యవస్థది: ప్రతిజనకం మొదటిసారి వచ్చినప్పుడు ప్రాథమిక ప్రతిస్పందన మెల్లగా లేచి తగ్గుతుంది, అదే ప్రతిజనకం మళ్ళీ వచ్చినప్పుడు ద్వితీయ ప్రతిస్పందన నిటారుగా పైకి లేస్తుంది. రెండో దానిలో మత్తు కోసం అవసరమయ్యే మోతాదు ఒక గీత, శ్వాసను ఆపే మోతాదు ఇంకో గీత. వాడకం సాగేకొద్దీ రెండూ పెరుగుతాయి, కానీ మత్తుకు కావలసిన మోతాదు పెరిగినంత వేగంగా శ్వాస తట్టుకోగల మోతాదు పెరగదు. అంటే మానేయకముందే ఆ మనిషికి ఉన్న ఎడం సన్నబడుతూ వస్తుంది. మానేసిన చోట రెండు గీతలూ కిందికి దిగుతాయి. అక్కడ పాత మోతాదును అడ్డగీతగా గీసి, అది రెండో గీతను ఎక్కడ దాటుతుందో వచ్చి చూపమన్నాను. సుద్ద తీసుకుని వచ్చినది ఆ జవాబు రాసిన విద్యార్థే. గీత దాటే చోట చుక్క పెట్టి, కాసేపు అక్కడే నిలబడిపోయాడు.

ఇంతలో పాడేరు నుంచి వచ్చిన విద్యార్థి అడిగిన ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. "మా ఊళ్లో ఉన్నప్పుడు మలేరియా వచ్చినా ఒకటి రెండు రోజుల్లో లేచి తిరిగేవాళ్లం. హాస్టల్‌కి వచ్చాక సెలవులకు ఇంటికి వెళ్తే గట్టిగా వస్తోంది. అంటే రోగనిరోధకత కూడా మానేస్తే పోయినట్టే కదా మేడమ్?" నేను గీసిన తేడాకు అది నేరుగా తగిలింది. అతను చెప్పినది నిజమే. మలేరియా పరాన్నజీవి, ముఖ్యంగా ప్లాస్మోడియం ఫాల్సిపారం, తాను చేరిన ఎర్ర రక్తకణం మీద ప్రదర్శించే ప్రోటీన్‌ను మార్చుకుంటూ ఉంటుంది. మళ్ళీ మళ్ళీ సోకే ప్రాంతాల్లో ఏర్పడేది పాక్షిక రక్షణ మాత్రమే, ఆ ప్రాంతం వదిలి ఉంటే అదీ క్షీణిస్తుంది. కాబట్టి "రోగనిరోధకత నిలుస్తుంది, మోతాదు తట్టుకోవడం నిలవదు" అనే నా సూత్రం అంత చక్కనిది కాదని ఒప్పుకున్నాను. తేడాను కాలంలో కాకుండా పనిలో చూడాలని సరిదిద్దాను: రోగనిరోధక వ్యవస్థ పరాయి దాన్ని గుర్తించి నాశనం చేస్తుంది, మార్ఫిన్ వంటి వాటి మోతాదు తట్టుకోవడంలో జరిగేది అది కాదు, ప్రధానంగా ఆ పదార్థానికి తగ్గట్టు నాడీకణమే తన పనితీరును మార్చుకుంటుంది. ఆ మార్పు వల్లనే మత్తు పదార్థం అందని రోజున వణుకు, వాంతులు, నిద్రలేమి వస్తాయి. టీకా వేయించుకున్నవారెవరూ ఆ వ్యాధికారకం అందలేదని విలవిలలాడరు. ఈ పోలిక పిల్లల మనసులో బాగా నాటుకుంది.

మూడో పీరియడ్‌ను మత్తు పదార్థాలు రోగనిరోధక వ్యవస్థను దెబ్బతీసే తీరుకు కేటాయించాను. శ్వాసనాళంలో దుమ్మును బయటికి నెట్టే సన్నని వెంట్రుకల్లాంటి శైలికలను పొగ స్తంభింపజేయడం, అధిక మద్యపానం న్యుమోనియా, క్షయ ముప్పును పెంచడం, ఒకే సూదిని పంచుకోవడం వల్ల హెచ్‌ఐవీ చేరి సహాయక టీ లింఫోసైట్లను హరించడం పుస్తకంలో ఉన్నవే కాబట్టి వాటి మీద ఎక్కువసేపు ఉండలేదు.

ఇంటి సంగతి

రేఖాచిత్రం గీసిన సాయంత్రం ఆ విద్యార్థి స్టాఫ్ రూమ్ బయట నిలబడ్డాడు. వాళ్ల అన్నయ్యకు రోడ్డు ప్రమాదంలో కాలు విరిగినప్పుడు మొదలైన నొప్పి ఇంజెక్షన్లు క్రమంగా వ్యసనంగా మారాయి. నాలుగు నెలలు చికిత్సా కేంద్రంలో ఉండి ఇంటికి వచ్చి పది రోజులైంది. పాత స్నేహితులు మళ్ళీ ఫోన్లు చేస్తున్నారు. ఒకవేళ ఒకసారి జారినా ఏమీ కాదులే అని ఇంట్లో అందరూ ధైర్యంగా ఉన్నారు.

ఆ మరుసటి ఆదివారం తల్లి వచ్చి మాట్లాడింది. "నాలుగు నెలలు ముట్టనేదు కదా మేడమ్ గారూ, ఒళ్ళు కడిగినట్టయిపోనాది. ఇప్పుడు తట్టుకుంటాడు" అంది. ఒళ్ళు శుభ్రపడింది కాబట్టి బలం వచ్చిందన్నది తల్లి లెక్క. స్మృతి కణాలున్నాయి కాబట్టి రక్షణ ఉందన్నది తమ్ముడి లెక్క. తన మోతాదు తనకు తెలుసన్నది అన్నయ్య లెక్క. మూడు దారుల్లో వచ్చి ముగ్గురూ ఒకే తప్పు దగ్గర చేరారు. నేను వైద్యురాలిని కాను. నాకు తెలిసిన శరీరధర్మాన్ని ఆ తల్లికి చెప్పి, వెంటనే మానసిక వైద్యుణ్ణి కలవమన్నాను. పోలీసుల భయంతో ఆమె వెనకాడింది. వ్యసనంలో ఉన్న వ్యక్తి స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు వస్తే, వాడకానికి, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరాల్లో విచారణ నుంచి రక్షణ పొందే వీలును 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ కల్పిస్తుందని చెప్పాను. జాతీయ సహాయ నంబరు 14446 కూడా రాసిచ్చాను.

వైద్యుడు కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టి మోతాదు విషయం మళ్ళీ వివరించారు. స్పృహ తప్పి, శ్వాస మందగించి, పెదవులు నీలిబారితే నిద్రపోతున్నాడని వదిలేయకుండా 108కి ఫోన్ చేయాలనీ, నాలోక్సోన్ అనే విరుగుడు ఉన్నా దాని ప్రభావం కొద్దిసేపే ఉంటుంది కాబట్టి ఆసుపత్రికి చేర్చడం తప్పనిసరనీ చెప్పారు. సూదులు పంచుకున్న చరిత్ర ఉండటంతో రక్తపరీక్షలు చేయించారు. హెచ్‌ఐవీ లేదు, హెపటైటిస్ సి ప్రతిరక్షకాలు కనిపించాయి. ప్రతిరక్షకాలు ఉండటం రక్షణ ఉన్నట్టు కాదని, వైరస్ ఇంకా ఉందో లేదో చెప్పడానికి వేరే పరీక్ష అవసరమని తమ్ముడికి అప్పుడు అర్థమైంది. వైరస్ ఉందని తేలింది. ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా ఇచ్చిన మాత్రలను పన్నెండు వారాలు వాడిన తరువాత వైరస్ పోయింది. ప్రతిరక్షకాలు మాత్రం రక్తంలో అలాగే ఉంటాయి, అయినా సూది పంచుకుంటే ఆ వ్యాధి మళ్ళీ సోకవచ్చు. ఒకసారి వస్తే మళ్ళీ రాదనే సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన మినహాయింపును నేను పుస్తకంలోంచి చూపలేకపోయేదాన్ని.

అన్నయ్య ఇప్పటికీ నెలనెలా వైద్యుణ్ణి కలుస్తున్నాడు. మధ్యలో ఒకసారి జారాడని, అప్పుడు ఒంటరిగా గదిలో దాక్కోకుండా తల్లికి చెప్పాడని, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లారని ఆమె ఫోన్‌లో చెప్పింది.

నెల తరువాత

అదే భావనను వేరే రూపంలో పరీక్షించాను. హెరాయిన్ మానేసి ఆరు నెలలైన వ్యక్తి, ఆటలమ్మ తగ్గి ఆరేళ్లైన వ్యక్తి, పాడేరు వదిలి నగరానికి వచ్చి మూడేళ్లైన వ్యక్తి: వీరిలో ఎవరికి ఏ రక్షణ మిగిలి ఉంటుంది, ఎందుకు? చాలామంది సరిగా రాశారు. కొందరు నా వాక్యాలనే మక్కికి మక్కి రాశారు. వారికి నిజంగా అర్థమైందో లేదో ఆ కాగితం చెప్పదు.

మద్యం విషయంలో మాత్రం నేను చాలావరకు విఫలమయ్యాను. రోజూ తాగే వ్యక్తి ఎక్కువ తాగినా తూలకపోవడానికి కారణం అడిగితే "ఇమ్యూనిటీ" అన్న జవాబు మళ్ళీ గణనీయంగా కనిపించింది. హెరాయిన్ వారికి దూరపు వస్తువు, మద్యం ఇంట్లో కనిపించే వస్తువు. ఎంత తాగినా తొణకని మేనమామను మెచ్చుకునే మాటలు వింటూ పెరిగిన పిల్లవాడికి, ఆ తొణకకపోవడం కాలేయ ఎంజైములు, నాడీకణాలు మారడం వల్ల వచ్చినదని, ఆ లోగా కాలేయం దెబ్బ తింటూనే ఉంటుందని ఒక్క పీరియడ్‌లో నమ్మకం కలిగించలేకపోయాను. ఏళ్ల తరబడి విపరీతంగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చనీ, అందుకే మాన్పించడం వైద్య పర్యవేక్షణలో జరగాలనీ చెప్పడానికి ఈసారి విడిగా ఒక పీరియడ్ పెట్టుకున్నాను.

టీకాల పాఠంలో నా పాత వాక్యాన్ని కొట్టివేశాను. "టీకా వల్ల శరీరం ఆ వ్యాధికారకాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది" అని దాని పైన రాశాను. "అలవాటు" అన్న మాట వచ్చిన ప్రతిసారీ, ఏ కణం, ఏ మార్పు, ఎంతకాలం అని పిల్లలే నన్ను ఆపి అడగాలని ఈ ఏడాది మొదటి రోజే చెప్పాను. ఇప్పటికి రెండుసార్లు ఆపారు.